ఔషధ శోధకుడు ఎల్లాప్రగడ సుబ్బారావు

ప్రపంచ వైద్యశాస్త్రానికి తెలుగుజాతి అందించిన మేధావులలో అగ్రగణ్యులు డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. బాల్యం పేదరికంలో గడిచింది. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పినా పట్టుదల వీడక మూడవసారి ఉత్తీర్ణులయ్యారు.

మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో ఆయన గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించారు. అది ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం కలిగించింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి పట్టా అయిన ఎల్.ఎం.ఎస్. తోనే తృప్తిపడవలసివచ్చింది. సోదరులిద్దరు స్ప్రూ అనే వ్యాధికి బలి కావడం ఆయనను పరిశోధన వైపు మళ్లించింది. మామగారి ఆర్థిక సహాయంతో అమెరికా చేరుకున్నారు. హార్వర్డ్‌లో పరిశోధనలు సాగించి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు.

1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ వ్యాధికి, ఒక విధమైన రక్తహీనతకు అది దివ్యౌషధమైంది. అయితే బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఒక విపరీతాన్ని గమనించారు. ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలు ఇచ్చిన పిల్లలలో రక్త క్యాన్సర్ మరింత వేగంగా ముదురుతున్నట్లు తోచింది. కణాలు పెరగడానికి ఆ ఆమ్లం అవసరం కనుక, దానిని అడ్డగిస్తే క్యాన్సర్ కణాల విజృంభణ ఆగాలి. ఈ తర్కంతో సుబ్బారావు బృందం రూపొందించిన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ పిల్లలపై ప్రయోగించారు. 1948లో వెల్లడైన ఫలితాల ప్రకారం 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం లభించింది.

ఆ మందు రెండంచుల కత్తి. క్యాన్సర్ కణాలతోపాటు ఎముక మజ్జలోని, నోటిలోని ఆరోగ్యకరమైన కణాలనూ అది దెబ్బతీసేది. వ్యాధి మళ్లీ తిరగబెట్టేది. అయినను, మృత్యువు తప్ప మరో దారి లేని బిడ్డలకు కొన్ని నెలల ఆయువు దక్కడం సామాన్యమైన విషయం కాదు. మందుతో రక్త క్యాన్సర్‌ను నిలువరించవచ్చునని లోకానికి తెలిసింది. దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

తరువాతి కాలంలో మూలకణ మార్పిడి చికిత్స వచ్చింది. దాత నుండి స్వీకరించిన కణాలు రోగి దేహాన్నే శత్రువుగా భావించి దాడిచేసే ప్రమాదం అందులో ఉంది. ఆ దాడిని నివారించడానికి వాడే మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. అయినా ఆ చికిత్స అందరికీ తగినది కాదు. కొన్ని రక్త క్యాన్సర్లను అది పూర్తిగా నయం చేయగలదు. తీవ్రమైన అంటురోగాలతో ప్రాణాపాయాన్నీ తేగలదు. ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో తీవ్రమోతాదు మందులతోపాటు రోగి సొంత మూలకణాలను తిరిగి ఎక్కించినా ఆయుర్దాయం పెరగలేదని 2000లో వెలువడిన ఒక ప్రముఖ అధ్యయనం తేల్చింది. కనుక రోగి వయస్సు, వ్యాధి దశ, దాత పొంతన తూచి చూసిన తరువాతనే వైద్యులు నిర్ణయించాలి. రోగికి లాభనష్టాలు రెండూ వివరించాలి.

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయస్సులో, న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశారు. మాతృభూమికి తిరిగి రానేలేదు. భారత ప్రభుత్వం 1995లో ఆయన స్మారక తపాలా బిళ్లను విడుదల చేసింది. పేరు కోసం ప్రాకులాడని ఆ శాస్త్రవేత్త కృషి ఫలితం మాత్రం నేటికీ ఎందరో రోగులకు ప్రాణాధారమై నిలిచి ఉంది.