సింగర్ కావాలనుకుని యుద్ధ విమానం ఎక్కారు.. ఎవరీ మరీనా రాస్కోవా?

1941 అక్టోబర్. హిట్లర్ సైన్యం మాస్కో వైపు దూసుకొస్తోంది. సరిగ్గా ఆ టైమ్‌లో సోవియట్ ప్రభుత్వం ఓ ఆదేశం ఇచ్చింది. మహిళలతో మూడు వైమానిక రెజిమెంట్లు ఏర్పాటు చేయాలని! ఈ ఆదేశం కోసం గట్టిగా పట్టుబట్టిన వ్యక్తి 29 ఏళ్ల మరీనా రాస్కోవా.

1912లో మాస్కోలో పుట్టారామె. తండ్రి గాయకుడు. తనకూ ఒపెరా సింగర్ కావాలనే ఆశ. ఆరోగ్యం దెబ్బతినడంతో అది కుదరలేదు. కెమిస్ట్రీ చదివి రంగుల ఫ్యాక్టరీలో పనిచేశారు. ఆ తర్వాత ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో డ్రాయింగ్‌లు గీసే ఉద్యోగం. అక్కడే నావిగేషన్ నేర్చుకున్నారు. సోవియట్ వైమానిక దళంలో నావిగేటర్ అయిన తొలి మహిళ ఆమే.

దేశమంతా ఆమె పేరు మార్మోగింది మాత్రం 1938లో. మాస్కో నుంచి తూర్పు కొసకు ఆగకుండా ఎగిరే సాహసం అది. విమానం పేరు రోదినా, అంటే మాతృభూమి. గ్రిజోదుబోవా, ఒసిపెంకో పైలట్లు, రాస్కోవా నావిగేటర్. దారిలో రేడియో మొరాయించింది. ఇంధనం అయిపోవచ్చింది. దిగాల్సిన ఎయిర్‌ఫీల్డ్ ఎక్కడో తెలీదు. చక్రాలు దించకుండా పొట్ట మీదే దించితే ముక్కు భాగం నుజ్జయ్యే ప్రమాదం ఉంది. రాస్కోవా కూర్చున్నది అక్కడే! దీంతో ఆమె పారాచూట్‌తో అడవిలోకి దూకేశారు. ఎమర్జెన్సీ కిట్ విమానంలోనే ఉండిపోయింది. చేతిలో ఆహారం దాదాపు లేనట్టే. సైబీరియా చిత్తడి అడవిలో 10 రోజులు నడిచి, చివరికి విమానాన్ని చేరుకున్నారు. ముగ్గురికీ హీరో ఆఫ్ ది సోవియట్ యూనియన్ బిరుదు దక్కింది. మహిళలకు ఆ బిరుదు రావడం అదే మొదటిసారి.

అందుకే యుద్ధం మొదలవగానే ఫ్లయింగ్ క్లబ్బుల్లో శిక్షణ పొందిన అమ్మాయిలు ఆమెకే ఉత్తరాలు రాశారు. ఫ్రంట్‌కు పంపమంటే అధికారులు ఒప్పుకోవడం లేదని వాళ్ల గోడు. స్టాలిన్‌కు తెలిసిన మనిషి కావడం ఇక్కడ రాస్కోవాకు కలిసొచ్చింది. మామూలు పైలట్ అడిగితే ఈ పని జరిగేదా అంటే అనుమానమే.

వోల్గా ఒడ్డున ఎంగెల్స్‌లో ట్రైనింగ్. ఇచ్చినవి మగవాళ్ల యూనిఫాంలు, కాళ్లకు పట్టని బూట్లు. 586 ఫైటర్, 587 బాంబర్, 588 నైట్ బాంబర్ రెజిమెంట్లు అలా పుట్టాయి. మొదటి రెండింటిలోకి తర్వాత కొందరు మగవాళ్లూ వచ్చారు. 588 మాత్రం చివరిదాకా మహిళలదే. చెక్క, గుడ్డతో చేసిన పాత విమానాల్లో, ఇంజిన్ తగ్గించి చీకట్లో జారుకుంటూ వచ్చి బాంబులు వేసేవాళ్లు. జర్మన్లు వాళ్లకు రాత్రి మంత్రగత్తెలని పేరు పెట్టారు.

587కు కమాండర్ రాస్కోవానే. కానీ ఒక్క యుద్ధంలోనూ దాన్ని నడిపించలేకపోయారు. 1943 జనవరి 4న ఫ్రంట్‌కు వెళ్తుండగా సరతోవ్ దగ్గర ప్రతికూల వాతావరణంలో విమానం కూలి చనిపోయారు. అప్పటికి వయసు 30. చితాభస్మాన్ని క్రెమ్లిన్ గోడలో ఉంచారు. ఆ నెలాఖరులోనే 587 ఆమె లేకుండా స్టాలిన్‌గ్రాడ్ యుద్ధంలోకి దిగింది.

588 అయితే 23 వేలకు పైగా దాడులు చేసింది. యుద్ధం ముగిసిన 1945లోనే దాన్ని రద్దు చేసేశారు. అమ్మాయిల్లో చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు. అమెరికాలో మహిళలు యుద్ధ విమానాలు నడిపేందుకు అనుమతి వచ్చింది 1993లో. మన ఎయిర్‌ఫోర్స్‌లో తొలి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు చేరింది 2016 జూన్‌లో.