హాకీ వీరుడు మేజరు ధ్యాన్‌చంద్

ఢిల్లీలో ఇండియా గేటు చెంతనున్న నేషనల్ స్టేడియమునకు 2002లో మేజరు ధ్యాన్‌చంద్ పేరు పెట్టిరి. ఆ మహాక్రీడాకారుడు ఈ నగరముననే సామాన్య సిపాయిగా కొలువు ప్రారంభించి, ఈ నగరముననే కన్నుమూసెను.

ధ్యాన్‌సింగు 1905 ఆగష్టు 29వ తేదీన ప్రయాగలో జన్మించెను. తండ్రి సైనికుడు; తఱచు బదిలీల వలన బాలుని చదువు ఆఱేండ్లతో ముగిసెను. కుటుంబము తుదకు ఝాన్సీలో స్థిరపడెను. 1922లో అతడు ఢిల్లీలోని ఫస్ట్ బ్రాహ్మిన్స్ పటాలమున చేరెను. అంతవఱకు హాకీపై ప్రత్యేకాసక్తి లేనివానికి సుబేదారు మేజరు బాలే తివారీ ఆట నేర్పెను. కొలువు ముగిసిన పిమ్మట వెన్నెలలో సాధన చేయుట చూచి సహచరులు చాంద్ అని పిలువగా, అదియే పేరుగా నిలిచినదందురు.

1926లో సైనిక జట్టు న్యూజీలాండున 21 ఆటలాడి 18 గెలిచి, ఒక్కటి మాత్రమే ఓడెను. తిరిగివచ్చిన ధ్యాన్‌చంద్‌నకు లభించిన బహుమానము లాన్స్ నాయకు పదవి. 1928లో ఆమ్‌స్టర్‌డామున భారతదేశము తొలి హాకీ స్వర్ణపతకము గెలుచుకొనెను. అందు అతడు 14 గోలులు చేయగా, మన జట్టుపై ఒక్క గోలైనను ఎవరును చేయలేకపోయిరి. 1932లో లాస్ ఏంజెలీసున అమెరికాను 24–1తో ఓడించిననాడు తమ్ముడు రూప్‌సింగు 10, ధ్యాన్‌చంద్ 8 గోలులు చేసిరి.

1936లో నాయకత్వము అతనిదయ్యెను. కాని ప్రయాణమునకు ముందు ఢిల్లీ మోరీగేటు మైదానమున స్థానిక జట్టు చేతిలో 4–1తో పరాజయము కలిగెను. బెర్లినులో జర్మనులతో ఆడిన సన్నాహపు ఆటలోను అదియే ఫలితము. కలతచెందిన జట్టువారు స్వదేశమునుండి దారాను పిలిపించుకొనిరి. ఆగష్టు 15న తుదిపోటీకి ముందు క్రీడాకారులు దుస్తులగదిలో త్రివర్ణపతాకమునకు వందనము చేసిరి. ఆంగ్లప్రభుత్వపు సిపాయికి అది సామాన్య సాహసము కాదు. మైదానము వానకు తడిసియుండెను. సగము ఆటకు ఒక్క గోలే దక్కెను. అంతట ధ్యాన్‌చంద్ మేకుల బూట్లు విడిచి, రబ్బరు అడుగుల జోళ్లతో దిగెను. జర్మనీ 8–1తో ఓడెను. పదునొకండేండ్లకు అదే తేదీన దేశము స్వతంత్రమయ్యెను.

యుద్ధము వలన 1940, 1944 ఒలింపిక్సు జరుగలేదు. అతని ఆత్మకథ ‘గోల్’ 1952లో మద్రాసున వెలువడెను. 1956లో మేజరుగా విశ్రమించి, పద్మభూషణ పురస్కారము నందెను. పిదప పటియాలా క్రీడాసంస్థలో శిక్షకుడయ్యెను. 1975 ప్రపంచకప్పు తుదిపోటీలో కుమారుడు అశోక్‌కుమార్ చేసిన గోలుతో భారతదేశము విజయము సాధించెను.

ఆ కాలమున హాకీ ధనము నిచ్చు ఆట కాదు. మూడు స్వర్ణపతకములు తెచ్చిన ధ్యాన్‌చంద్ 1979 డిసెంబరు 3న అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో సాధారణ వార్డున తనువు చాలించెను. జన్మదినము జాతీయ క్రీడాదినమగుటయు, 2021లో ఖేల్‌రత్న పురస్కారమునకు అతని పేరిడుటయు తరువాతి మాటలు. ప్రతిభావంతుని జీవించియుండగనే ఆదరించుట జాతికి విధియని ఈ చరిత్రము బోధించుచున్నది.