పల్లెలో పుట్టి విమానాలకు రూపమిచ్చిన ఘాటగే

తొర్రూరు: ఈ ప్రాంతం నుండి వరంగల్లుకు బస్సులో పోయేవారందరికీ మామునూరు పరిచితమే. నిజాం కాలంలో అక్కడ విమానాశ్రయం కట్టారు. హైదరాబాదు చెంతనున్న దుండిగల్ వాయుసేన అకాడమీ పేరు కూడా చాలామంది విన్నదే. ఆ దుండిగల్‌లో దశాబ్దాల పాటు మన యువకులకు విద్య నేర్పింది కిరణ్ విమానం. పూర్వపు హైదరాబాదు రాష్ట్రంలోని బీదరులో కొత్తవారికి అక్షరాభ్యాసం చేయించింది హెచ్.టి.-2 విమానం. ఈ రెండింటి రూపకల్పనకు సారథ్యం వహించిన మహనీయుడు ఒక్కరే. ఆయనే డాక్టర్ విష్ణు మాధవ్ ఘాటగే.

ఘాటగే 1908 అక్టోబరు 24న కొల్హాపూర్ జిల్లాలోని హసూర్‌చంపు అనే గ్రామంలో జన్మించారు. బొంబాయిలో ఉన్నత విద్య ముగించి, జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ లుడ్విగ్ ప్రాంటల్ అనే జగత్ప్రసిద్ధ ఆచార్యుని వద్ద శిష్యరికం చేసి, 1936లో డాక్టరేటు పొందారు. విమానం రెక్కను ఒరుసుకొని పోయే పలుచని గాలి పొర ఎలా ప్రవర్తిస్తుందో లోకానికి తెలియజెప్పిన గురువు ప్రాంటల్. ఆ పొర రెక్కను అంటిపెట్టుకొని ఉన్నంత సేపూ విమానం తేలుతుంది. ముక్కు మరీ పైకెత్తితే గాలి రెక్కను విడిచిపోతుంది, విమానం జారిపడుతుంది. ఈ మర్మం ఎరిగిన భారతీయులు ఆనాడు చాలా కొద్దిమంది.

1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్, మైసూరు ప్రభుత్వ సహకారంతో బెంగుళూరులో హిందుస్థాన్ విమాన కర్మాగారాన్ని నెలకొల్పారు. ఘాటగే మొదట్లోనే అందులో చేరారు. 1942లో బెంగుళూరు సైన్సు సంస్థలో విమాన ఇంజనీరింగు శాఖను ప్రారంభించడంలోనూ ఆయన పాత్ర ప్రముఖమైనది. పగలు కర్మాగారం, పక్కన పాఠశాల ఉంటేనే విద్య నిలుస్తుందని ఆయన నమ్మకం. యుద్ధకాలంలో ఆ కర్మాగారం అమెరికన్ సైనిక విమానాలకు మరమ్మతు కేంద్రంగా మారింది. మన పనివారు పెద్ద పెద్ద విమానాలను విప్పి, బిగించి, చేయి తిప్పుకున్నారు. యుద్ధానంతరం కాన్పూరులో పాడుపడి ఉన్న లిబరేటర్ బాంబరు విమానాలను బెంగుళూరుకు చేర్చి, బాగుచేసి, మన వాయుసేనకు అప్పగించిన ఘనత కూడా ఆ కర్మాగారానిదే.

అయితే మరమ్మతు వేరు, సృష్టి వేరు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన కుర్రవాళ్లు ఎగరడం నేర్చుకునేది కొయ్యతో, గుడ్డతో తయారైన విలాయతీ టైగర్ మాత్ విమానాల మీదనే. మన దేశంలోనే గీసి, మన దేశంలోనే చేసిన విమానం ఎగురుతుందా అనే అనుమానం చాలామందికి ఉండేది. ఎగరకపోతే పోయేది డబ్బు మాత్రమే కాదు, పైలటు ప్రాణం కూడా. ఆ భారాన్ని ఘాటగే నెత్తికెత్తుకున్నారు.

కొత్తగా నాగలి పట్టే పిల్లవానికి ఏ రైతూ దూకుడు కోడెలను కట్టడు, సాధువైన ఎడ్లను కడతాడు. శిక్షణ విమానం కూడా అటువంటిదే. కుర్రవాడు తప్పు చేసినా సర్దుకునే వ్యవధి ఇవ్వాలి. అలాగని మరీ మెతకగా ఉంటే విద్య అబ్బదు. ఈ రెంటి నడుమ సమతూకం సాధించడమే రూపశిల్పి పనితనం. హెచ్.టి.-2 లోహపు విమానం. గురుశిష్యులకు ముందొకటి, వెనుకొకటిగా రెండు ఆసనాలు. ఇంజను శక్తి 155 హార్స్‌పవరు, అంటే మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లు నాలుగింటి బలం. 1951 ఆగస్టులో కెప్టెన్ జంషెడ్ మున్షీ దానిని తొలిసారి గాలిలోకి లేపారు. క్షేమంగా దిగింది, అనుమానాలు తీరాయి. తర్వాత నూటయాభైకి పైగా తయారయ్యాయి. ఆఫ్రికాలోని ఘనా దేశం కూడా పన్నెండింటిని తీసుకున్నది.

అనంతరం ఫ్లయింగ్ క్లబ్బుల కోసం పుష్పక్, సైన్యం కోసం కృషక్ విమానాలు వచ్చాయి. 1964 సెప్టెంబరు 4న జెట్ శిక్షణ విమానం కిరణ్ ఎగిరింది. నడిపినవారు సురంజన్ దాస్. ఇందులో గురువు శిష్యుని పక్కనే కూర్చుంటాడు. శిష్యుని చేయి ఎటు పోతున్నదో గురువుకు కళ్లెదుటే కనిపిస్తుంది. ప్రమాదవేళ ఇద్దరినీ బయటకు విసిరే ఆసనాలు అమర్చారు. 1996లో ఏర్పడిన సూర్యకిరణ్ విన్యాసాల బృందం 2011 వరకు వాడినది ఈ విమానాలనే.

ఒక్క లోటు మాత్రం మిగిలిపోయింది. ఒడలు మనదైనా గుండె పరాయిదే. హెచ్.టి.-2 కు, కిరణ్‌కు కూడా ఇంజన్లు విలాయతీ నమూనాలవే. అదే కాలంలో జర్మన్ నిపుణుడు కర్ట్ టాంక్ బెంగుళూరులో రూపొందించిన మారుత్ యుద్ధవిమానానికి తగినంత బలమైన ఇంజను దొరకక, అనుకున్న వేగం అందలేదు. ఇంజను సంపాదించనిదే విమాన విద్య పూర్తికాదనే పాఠం ఆ తరం మనకు మిగిల్చింది.

ప్రభుత్వం 1965లో ఘాటగేను పద్మశ్రీతో గౌరవించింది. 1991 డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు. ఆయన విమానాల మీద తొలిపాఠం నేర్చిన పైలట్లు తర్వాత యుద్ధవిమానాలు నడిపారు, సరిహద్దులు కాపాడారు. పల్లెలో పుట్టినవాడు ఆకాశానికి ఉపాధ్యాయుడు కాగలడని ఘాటగే జీవితం రుజువు చేస్తున్నది. లెక్కలంటే జంకే మన పల్లె పిల్లలకు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు చెప్పదగిన కథ ఇది.