దివాన్ దేవిడిలో బొమ్మల కొలువు

కోస్గి: పట్నం చూడబోయిన పల్లెవాసులు చార్మినారు, జూపార్కు తర్వాత తప్పక తొక్కే గడప సాలార్‌జంగ్ మ్యూజియం. గంట కొట్టే గడియారం చూస్తారు, మేలిముసుగు వేసుకున్న పాలరాతి రెబెకాను చూస్తారు, కాళ్లు నొప్పి పుట్టేదాకా తిరిగి బస్సెక్కుతారు. ఆ సామానంతా కూడబెట్టిన మనిషి ఎవరు, అందుకు డబ్బు ఎక్కడినుంచి వచ్చింది అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ డబ్బులో కోస్గి రైతుల శిస్తు కూడా ఉంది.

నేడు నారాయణపేట జిల్లాలో ఉన్న కోస్గి నిజాం కాలంలో సాలార్‌జంగ్ కుటుంబానికి జాగీరు. అప్పట్లో ఈ ప్రాంతం గుల్బర్గా జిల్లా కింద ఉండేది. కన్నడ సీమలోని కొప్పళ, యలబుర్గా కూడా ఆ ఎస్టేటువే. ఇక్కడ రైతు కట్టిన శిస్తు నిజాం ఖజానాకు పోయేది కాదు, పాతబస్తీలోని దివాన్ దేవిడికి చేరేది. వాన పడినా పడకపోయినా, జొన్న పండినా పండకపోయినా జాగీరు గ్రామాల్లో వసూలు తప్పేది కాదు. ఈ సంగతి మనసులో పెట్టుకునే ఆయన కథ చదవాలి.

సాలార్‌జంగ్ అంటే ఒక్క మనిషి కాదు, ముగ్గురు. తాత మీర్ తురాబ్ అలీఖాన్ 1853 నుంచి 1883లో చనిపోయేవరకు నిజాం రాజ్యానికి దివాను. 1865లో జిలాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విడదీసింది ఆయనే. మనం రోజూ అనే జిల్లా, ఆ కచేరీలు, ఆ హోదాలు ఈ ప్రాంతంలో అలా మొదలైనవే. కొడుకు మీర్ లాయిక్ అలీఖాన్ రెండవ సాలార్‌జంగ్. ఆయన కూడా కొద్దికాలం దివానుగిరీ చేశారు. మనవడు మీర్ యూసుఫ్ అలీఖాన్ మూడవ సాలార్‌జంగ్. మ్యూజియం పేరు చెబితే గుర్తుచేసుకోవలసింది ఈ మూడవ ఆయననే.

యూసుఫ్ అలీఖాన్ 1889 జూన్ 13న పూనాలో పుట్టారు. బిడ్డకు నెల తిరగకముందే తండ్రి పోయారు. తండ్రికి అప్పటికి ముప్పయ్యేళ్లు కూడా నిండలేదు. మగదిక్కు లేని ఆ పెద్ద ఇంటిని, ఎస్టేటును ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తన సంరక్షణలోకి తీసుకున్నారు. తాత నెలకొల్పిన మదర్సా ఏ ఆలియాలోనే మనవడు చదువుకున్నారు. నడక నేర్వకముందే జాగీరుదారు అయిన పిల్లవాడాయన. చుట్టూ నౌకర్లు, పెద్ద పెద్ద గదులు, ఇంటినిండా తాత తెచ్చిన వస్తువులు. 1876లో తాత ఐరోపా వెళ్లినప్పుడు రోములో కొన్న రెబెకా బొమ్మ ఆ వస్తువుల్లో ఒకటి. మ్యూజియంలో ఉన్నవన్నీ ఒక్క మనిషే కొన్నాడని చెప్పడం వాడుకైపోయింది గాని అది సరికాదు. మూడు తరాల సామాను అది. అయితే అందులో ఎక్కువ భాగం మనవడిదే.

ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన మరుసటి ఏడు, 1912లో, యూసుఫ్ అలీఖాన్‌ను దివానుగా నియమించారు. అప్పటికి ఆయన వయసు ఇరవైమూడు. తాత ముప్పయ్యేళ్లు ఏలిన పదవిలో మనవడు మూడేళ్లయినా నిలవలేదు. 1914 చివర తప్పుకున్నారు. ఆ తర్వాత నిజాం ఐదేళ్లపాటు ఇంకో దివానును పెట్టకుండా తానే పాలన సాగించారంటే, ఆ రోజుల్లో ఆ కుర్చీలో కూర్చోవడం ఎంత కష్టమో అర్థమవుతుంది.

పదవి పోయినవాడు సాధారణంగా కుట్రలో పడతాడు, కాకపోతే తాగుడులో పడతాడు. ఈయన వస్తువుల్లో పడ్డారు. అక్కడినుంచి చనిపోయేవరకు ముప్పై అయిదేళ్లు అదే పని. పెళ్లి చేసుకోలేదు. ఐరోపా దేశాలు తిరిగి కొన్నారు. వెళ్లలేనిచోట ఏజెంట్లను పెట్టుకున్నారు. పాత వస్తువుల వ్యాపారులు మూటలతో దేవిడికే వచ్చేవారు. పింగాణీ, పచ్చరాయి పిడుల కత్తులు, తివాచీలు, చేతిరాత గ్రంథాలు, కంచు విగ్రహాలు, చేతికర్రలు, గడియారాలు, ఇది అది అని లేదు. మ్యూజియం లెక్కల్లో కళావస్తువులే నలభైమూడు వేల దాకా ఉన్నాయి. అచ్చు పుస్తకాలు, వ్రాతప్రతులు వేరే. అన్నీ మేలిరకమని చెప్పలేం. గొప్ప వస్తువు పక్కనే బజారు సరుకూ కనిపిస్తుంది. మంచిచెడ్డలు ఎంచి కొనే కొనుగోలు కాదది. కంటికి నచ్చితే చాలు.

ఈ కొనుగోళ్లలో అందరికంటే పిల్లలకు బాగా అర్థమయ్యేవి బొమ్మలు. పిల్లలు లేని ఆ మనిషి బొమ్మలు కొన్నారు. లోహంతో పోసిన బుల్లి సైనికులు, గుర్రపు రౌతులు, ఆడపిల్లల బొమ్మలు, పట్టాల మీద నిలిచిన రైలుబండి మ్యూజియంలోని పిల్లల విభాగంలో ఉన్నాయి. ఒక్కొక్క సైనికుడిని విడిగా చూస్తే చిటికెన వేలంత. దండుగా నిలబెట్టినప్పుడు మాత్రం అది యుద్ధభూమి.

మన ఇళ్లలో ఆడపిల్లలు చేసే పనీ ఇదే. పండక్కి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో మెట్ల మీద కొండపల్లి బొమ్మలు, దేవుళ్లు ఉంటారు. అసలు ముచ్చటంతా కింద నేల మీద ఉంటుంది. తడిమట్టి పరిచి ఆవాలు చల్లితే నాలుగు రోజులకు పచ్చని పొలం. అద్దం ముక్క పెడితే చెరువు. పాత శుభలేఖలు, రంగు కాగితాలు కత్తిరించి మైదా ఉడికించిన జిగురుతో అట్టముక్కకు అంటిస్తే గుడి, బడి, పెంకుటిల్లు. పుల్లలతో బావి గిలక. ఖాళీ అగ్గిపెట్టెలు దారంతో వరసగా కడితే రైలు. పది రూపాయలు కూడా ఖర్చు కాదు గాని, దాని ముందు కూర్చున్న పిల్ల ఆ ఊరికి యజమాని. బండిని ఇటు జరుపుతుంది, కాపును పొలంలో నిలబెడుతుంది. దేవిడిలోని నవాబు కొన్నది ఖరీదైన సరుకు, ఈ పిల్ల చేసుకున్నది ఉత్తిదే. చిన్న లోకాన్ని తన చేతులతో అమర్చుకోవడంలోని సుఖం మాత్రం ఇద్దరిదీ ఒకటే. చేతి పనితనం చూస్తే పిల్లకే రెండు మార్కులు ఎక్కువ వేయాలి.

గంట కొట్టే గడియారం కూడా ఒక కొలువే, కాకపోతే కదిలే కొలువు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ ద్వారా వచ్చినది. గంట కావడానికి మూడు నిమిషాల ముందు గడ్డం బొమ్మ గదిలోంచి బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. పక్కన కమ్మరి బొమ్మ క్షణానికో సుత్తి దెబ్బ వేస్తూనే ఉంటుంది. జనమంతా గడ్డపాయన కోసం ఎదురుచూస్తారు. కమ్మరిని ఎవరూ పట్టించుకోరు. విరామం లేకుండా పనిచేసేది అతడే.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. ఆరునెలలు తిరగకుండానే, 1949 మార్చి 2న, యూసుఫ్ అలీఖాన్ కన్నుమూశారు. అదే ఏడు ఆగస్టులో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. కోస్గి రైతు ఇక దేవిడికి శిస్తు కట్టనక్కరలేదు. అంటే ఆ కొనుగోళ్లకు డబ్బు పంపిన ఏర్పాటు, కొన్న మనిషి ఒకే ఏడాదిలో పోయారన్నమాట. మిగిలింది సామాను.

ఆ సామాను ఎవరిది? బిడ్డలు లేని ఆస్తికి బంధువులు చాలామంది ఉంటారు. వాటాలు పడి ఉంటే నాలుగు పెట్టెలు ఒకరింటికి, నాలుగు ఇంకొకరింటికి, మిగిలింది వేలంపాటకు పోయేది. పల్లెల్లో నాలుగెకరాలకే అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు, ఈ ఆస్తి సంగతి చెప్పాలా? ప్రభుత్వం ఎస్టేటు మీద కమిటీ వేసింది. అప్పటి ముఖ్య పాలనాధికారి వెల్లోడి మ్యూజియం పెట్టించే ఆలోచన చేశారు. వేర్వేరు భవనాల్లో చెల్లాచెదురుగా పడి ఉన్న వస్తువులను ఒక పద్ధతిలో అమర్చే పని కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. ఆ పెద్ద కొలువును ఆయన తీర్చారు. 1951 డిసెంబరు 16న ప్రధాని నెహ్రూ దివాన్ దేవిడిలోనే మ్యూజియాన్ని ప్రారంభించారు. అంతవరకు నౌకర్లు, అతిథులు తప్ప ఇతరులు చూడని గదుల్లోకి మామూలు జనం అడుగుపెట్టింది అప్పుడే.

వారసుల తగాదా 1958లో హైకోర్టులో రాజీతో తేలింది. సేకరణ కేంద్రప్రభుత్వానికి దఖలైంది. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి అంతా తరలించారు. తర్వాత కాలంలో దానికి రెండువైపులా మరో రెండు భవనాలు లేచాయి. దివాన్ దేవిడి మాత్రం నిలవలేదు. పత్తర్‌గట్టీ వెనక ఆ జాగాలో ఇప్పుడు బట్టల దుకాణాల వరసలున్నాయి. పెళ్లి బట్టలకు పట్నం పోయే మనవాళ్లు ఆ సందుల్లోనే తిరుగుతుంటారు, తాము నడుస్తున్నది ఎవరి ఇంటి మీదో తెలియకుండా.

మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఇమ్లీబన్ బస్‌స్టాండులో దిగితే మూసీ దాటి నడిచిపోయే దూరం. గడియారం దగ్గర బెంచీలు తొందరగా నిండిపోతాయి కనుక గంటకు పది నిమిషాల ముందే చేరుకోవడం మంచిది. పిల్లల్ని తీసుకెళ్లేవారు పింగాణీ గదుల్లోనే పొద్దు గడిపేయకుండా, వాళ్ల కాళ్లు అలసిపోకముందే బొమ్మల గదికి తీసుకుపోవాలి.