సెప్టెంబర్ 17న వినబడని పేరు: బి. శ్యామ్ సుందర్

ఏటా సెప్టెంబర్ 17న కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో జెండాలు ఎగురుతాయి. ఆ సభల్లో బి. శ్యామ్ సుందర్ పేరు మేమెన్నడూ వినలేదు. 1908లో ఔరంగాబాద్‌లో పుట్టిన ఈ దళిత నాయకుడు అంటరానివాళ్లు హిందువులు కారనీ, ముస్లింలతో కలిసి నడవాలనీ వాదించారు. 1948లో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వస్తున్నప్పుడు ఆయన పారిస్‌లో ఉన్నారు, భద్రతా మండలికి వెళ్లిన నిజాం బృందంలో సభ్యుడిగా.

రజాకార్ల దౌర్జన్యాలు చూసిన మా తాతల తరానికి ఇది మింగుడుపడదు. నిజాం పక్షాన నిలవడం మాకూ సరైనదనిపించదు. కానీ మైనారిటీల గురించి ఆయన పడ్డ భయం ఉత్తది కాదు. సైనిక చర్య సమయంలో, ఆ తర్వాత సంస్థానంలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఎక్కువమంది ముస్లింలే. మా పొరుగునున్న నాందేడ్, మెదక్ జిల్లాలు ఆ లెక్కలో ఉన్నాయి. సైన్యం చేసిన పనికి ‘పోలీసు చర్య’ అని పేరు పెట్టారు, అంతా శాంతిభద్రతల ఖాతాలో పడిపోయింది. నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు.

శ్యామ్ సుందర్ 1968లో గుల్బర్గాలో భీమ్ సేన స్థాపించారు. 1975లో చనిపోయారు.