రైలు కంపెనీ షరతులు అడిగినందుకు నగర బహిష్కారం

మాదన్నపేట: పాతబస్తీలో మాదన్నపేటకు దాపునే ఉన్న యాకుత్‌పుర స్టేషనులో నిత్యం రైలెక్కే వారిలో అఘోరనాథ్ చటోపాధ్యాయ పేరు ఎరిగినవారు అరుదు. ఎరిగినవారికి సైతం ఆయన సరోజినీ నాయుడు తండ్రిగానే పరిచయం. హైదరాబాద్ సంస్థానపు రైలు మార్గాలను లండన్ కంపెనీకి అప్పగించే ఒప్పందాన్ని ప్రశ్నించినందుకు 1883లో ఈ నగరం నుంచి బహిష్కరణకు గురైన ఆచార్యుడు ఆయన.

తూర్పు బెంగాల్‌లోని బిక్రంపూర్ ప్రాంతంలో 1851లో జన్మించిన అఘోరనాథ్, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం అభ్యసించి డాక్టరేటు పొందారు. 1878లో హైదరాబాద్ వచ్చి ఆంగ్ల విద్యకు ఆద్యుడయ్యారు. ఆ కృషే తదనంతరం నిజాం కళాశాలగా రూపుదాల్చింది.

వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లోనే నిజాం సొమ్ముతో రైలు వచ్చింది. రాబడి మాత్రం అంతంతమాత్రం. ఆ మార్గాన్ని వరంగల్ మీదుగా బెజవాడకు, బొగ్గు గనులున్న చాందా (నేటి చంద్రాపూర్) వైపునకు పొడిగించాలన్నదే చాందా రైల్వే పథకం. పెట్టుబడి లండన్ కంపెనీది. దానిపై 20 ఏళ్లపాటు ఏటా నూటికి 5 చొప్పున చెల్లింపునకు హామీ నిజాం ప్రభుత్వానిది. అంటే నూరు రూపాయల వాటా కొన్నవారికి 20 ఏళ్లలో మరో నూరు ముడుతుంది, వాటా వాటాగానే ఉంటుంది. రైలుకు ఆదాయం రాకుంటే ఆ లోటు ఖజానాది. ఖజానా నింపేది శిస్తు కట్టే రైతు. నష్టభయం ఒకరిది, లాభం మరొకరిది అయిన ఈ ఏర్పాటును వ్యాపారమనడం కష్టమే.

1883 ఫిబ్రవరిలో దివాన్ మొదటి సాలార్‌జంగ్ కన్నుమూశారు. నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు 17 ఏళ్లయినా నిండలేదు. అటువంటి తరుణంలో షరతులను ప్రజల ముందుంచి, వారి అభిప్రాయం తెలుసుకున్న పిమ్మటే ముందుకు వెళ్లాలని అఘోరనాథ్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం తదితరులు పట్టుబట్టారు. సర్కారు జీతంపై బతికే ఉపాధ్యాయుడు సర్కారునే లెక్క అడగడం నాటి హైదరాబాద్‌లో కనీవినీ ఎరుగనిది. 1883 మే 20న ఆయనను విధుల నుంచి తొలగించి సంస్థానం వెలుపలికి పంపివేశారు. నాటికి సరోజినికి నాలుగేళ్లు.

ఒప్పందం ఆగలేదు. ఆ ఏడాదే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. 1889లో రైలు బెజవాడ చేరింది. వివాదానికి పేరిచ్చిన చాందా వైపు మార్గం పూర్తయ్యేసరికి మాత్రం 1920వ దశకం చివరికొచ్చింది!

కొంతకాలానికి అదే ప్రభుత్వం అఘోరనాథ్‌ను తిరిగి విద్యాశాఖలోకి ఆహ్వానించింది. నాంపల్లి రోడ్డులోని ఆయన నివాసం, కుమార్తె కవితా సంపుటి పేరిట గోల్డెన్ థ్రెషోల్డ్‌గా ప్రసిద్ధి పొందింది. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైనది ఆ ఇంటిలోనే.

జీవిత చరమాంకం కలకత్తాలో గడిపిన అఘోరనాథ్ 1915 జనవరిలో పరమపదించారు. రైలు మార్గాలను కంపెనీ నుంచి నిజాం ప్రభుత్వం కొనుగోలు చేసింది 1930 ఏప్రిల్ 1న.