స్టూడెంట్ అనే గాసెట్

డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకున్న మన హాస్టల్ విద్యార్థులకు స్టూడెంట్ టి-టెస్ట్ పరిచయమే. పేరు చూసి అది విద్యార్థులకు పెట్టే పరీక్ష అనుకునే తమ్ముళ్ల కోసం మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. స్టూడెంట్ అనేది ఒక ఉద్యోగి కలం పేరు.

ఆయన అసలు పేరు విలియం సీలీ గాసెట్. 1876 జూన్ 13న ఇంగ్లండులోని కాంటర్‌బరీలో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, రసాయనశాస్త్రం చదివి 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో చేరారు. బీరు కంపెనీకి లెక్కలతో పనేమిటని మనకు అనిపించవచ్చు. బీరుకు బార్లీ కావాలి. ఏ రకం బార్లీ మంచిదో తేల్చాలంటే కొన్ని మళ్లలో వేసి సగటు దిగుబడి చూడాలి. రెండు రకాల సగటుల మధ్య ఎంతో కొంత తేడా ఎలాగూ వస్తుంది. అది విత్తనం గుణమా, కాకతాళీయమా? కొలతలు వందల్లో ఉంటే తేల్చే పద్ధతి అప్పటికే ఉంది. గాసెట్ చేతిలో ఉన్నవి నాలుగో, పదో. అంత తక్కువ కొలతలకు పాత పద్ధతి వాడితే లేని నమ్మకం కలుగుతుంది. దాన్ని నమ్మి విత్తనం మారిస్తే రైతూ నష్టపోతాడు, కంపెనీ కూడా.

1906-07లో ఆయన లండన్ వెళ్లి కార్ల్ పియర్సన్ దగ్గర పనిచేశారు. 3000 మంది నేరస్తుల ఎత్తు, ఎడమచేతి మధ్యవేలి పొడవు అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 గుంపులు చేసి తన సూత్రాన్ని సరిచూసుకున్నారు. కంప్యూటర్లు లేని రోజుల్లో ఎంత ఓపికో చూడండి! 1908లో ఆ వ్యాసం బయోమెట్రికా పత్రికలో వచ్చింది. ఉద్యోగులు సొంత పేరుతో ప్రచురించడానికి కంపెనీ ఒప్పుకోదు కాబట్టి స్టూడెంట్ అని పెట్టుకున్నారు. తర్వాత ఆర్.ఎ. ఫిషర్ దాన్ని నేటి టి రూపానికి తెచ్చారు.

ప్రాజెక్టు చేస్తున్న పీజీ తమ్ముళ్లు ఒకటి గమనించాలి. వేర్వేరు మనుషులున్న రెండు గుంపులైతే మామూలు టి-టెస్ట్. అదే మనుషులను రెండుసార్లు కొలిస్తే పెయిర్డ్ టి-టెస్ట్. 10 మంది రోగులకు రెండు మందుల వల్ల అదనంగా పట్టిన నిద్ర గంటలను గాసెట్ ఇలాగే, మనిషి మనిషికీ తేడా తీసి పోల్చారు. గుంపులు మూడైతే జతలు జతలుగా టి-టెస్టులు చేసుకుంటూ పోకూడదు. చేసినకొద్దీ లేని తేడాను ఉందనే ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు ఫిషర్ ఇచ్చిన అనోవా వాడాలి.

గాసెట్ చివరిదాకా గిన్నిస్ ఉద్యోగే. 1935లో కంపెనీ కొత్త బ్రూవరీ కోసం లండన్ వెళ్లారు. 1937 అక్టోబర్ 16న, 61 ఏళ్ల వయసులో కన్నుమూశారు.